అలాకోల్ కనుమకి నా సంచి నేనే మోస్తాను

ఏమండీ,

ఆవు పాలు పితికేశాను. రొట్టె గుడ్డలో చుట్టి పెట్టాను, మధ్యాహ్నం తినండి. బీపీ మాత్ర మర్చిపోకండి, పులిసిన గుర్రప్పాలు, ఆ కుమిస్ ఒక గిన్నె దాటొద్దు. నేను అలాకోల్ కనుమకి వెళ్తున్నాను. నాలుగు రోజులు పడుతుంది. ఒకప్పుడు రెండు రోజుల్లో వెళ్లొచ్చేదాన్ని. ఆ సంగతి మీరు గుర్తు చేయనక్కర్లేదు.

పోయినవారం మీ తమ్ముడింట్లో విందులో అందరి ముందూ ఏమన్నారు? "మా కాలిపా ఇక టీ కెటిల్ మోస్తే అదే పదివేలు" అన్నారు. అందరూ నవ్వారు, సిగ్గు దాచుకోవడానికి నేనూ నవ్వాను. ముప్పై ఏళ్లు పరాయి దేశాల వాళ్లని ఆ కొండలెక్కించింది ఎవరండీ? మోకాలు మొరాయిస్తే మనిషినే మూలన కూర్చోబెడతారా?

అది చాలదన్నట్టు నిన్న నా సంచిలోంచి గుడారం తీసి దాచేశారు. గడ్డివాములో దొరికింది లెండి. అసలు ఎల్లుండి వెళ్దామనుకున్నాను, ఆ కోపంతో ఇవాళే బయల్దేరుతున్నాను. సంచి బరువు సగానికి సగం తగ్గించాను. దిగేటప్పుడు కర్ర పట్టుకుంటాను. ఇంకా ఏం ఒప్పుకోమంటారు?

కోడలికి ఫోన్ చేసి కంగారు పెట్టకండి.

కాలిపా

శుక్రవారం పొద్దుగూకేలోగా నేను రాకపోతే, కనుమ దిగాక వచ్చే వేడినీటి ఊటల దగ్గరికి గుర్రాన్ని తీసుకుని రండి. ఊళ్లో ఎవర్నీ పంపొద్దు, మీరే రండి. ఎక్కమంటే మారుమాట లేకుండా ఎక్కుతాను.