జూడో అంటే

జూలై 3, గురువారం

అక్షర ఒక ఫారం తెచ్చి నా ముందు పెట్టింది. జూడో రాష్ట్ర స్థాయి సెలక్షన్స్. ఇరవయ్యో తారీఖున హైదరాబాద్‌లో. పదిహేడేళ్ల పిల్ల కాబట్టి తల్లో తండ్రో సంతకం పెట్టాలి. పదిహేనులోగా ఇవ్వాలి.

ఏడాదిగా కాలేజీ అయ్యాక గేమ్స్ అని వెళ్తోంది. ఆటకు వేసుకునే ఆ తెల్ల కోటు నేనే ఉతుకుతున్నాను. జంపఖానా అంత మందం. తడిస్తే ఎత్తలేను. ఏం ఆట అని ఒక్కసారి కూడా గట్టిగా అడగలేదు. ఖోఖో లాంటిది అనుకున్నాను. ఈ రోజు ఫోన్‌లో చూపించింది. ఒక పిల్ల ఇంకో పిల్లను గల్లా పట్టి ఎత్తి కింద వేసింది.

ఆయన దుకాణం నుంచి వచ్చాక చెప్పాను. ఆడపిల్ల సంగతి నాకేమెరుక, నువ్వేదంటే అదే అని అన్నానికి కూర్చున్నారు. కంచం మీద నుంచి తల ఎత్తలేదు. అంటే నాదే భారం.

జూలై 5, శనివారం

పక్కింటి రాయమల్లు సారు రిటైర్డ్ హిందీ పండిట్. జూడో అంటే ఏంటని గోడ మీద నుంచి అడిగాను. గింత దానికి ఫికరెందుకమ్మా, అది హిందీ మాటనే, జుడ్‌నా అంటే కలుసుడు, జుడో అంటే కలువుండ్రి అన్నట్టు, అన్నాడు. మనసు కొంచెం కుదుటపడింది. కలవడం మంచిదే కదా.

అక్షరకు చెబితే దిండులో ముఖం పెట్టుకుని నవ్వింది. అది జపాన్ మాటమ్మా, జు కు దీర్ఘమియ్యాలె, సారుకు చెప్పకు ఫీలైతడు, అంది. మరి అర్థమేంటే అంటే, మేడం చెప్పింది గని మర్చిపోయిన అంది.

అర్థం తెలియకుండా ఏడాది ఆడిందా అని కోపం వచ్చింది. తర్వాత, నేను ముప్పై ఏళ్లుగా లలితా సహస్రం చదువుతున్నాను, వెయ్యి పేర్లలో ఎన్నింటికి అర్థం తెలుసు అనిపించింది. కోపం పోయింది. అయోమయం పోలేదు.

జూలై 7, సోమవారం, ఉదయం 6

చీటీలు వేశాను.

మా ఇంట్లో ఏది తెగకపోయినా ఇదే పద్ధతి. మా అత్తమ్మ లక్ష్మీనర్సమ్మ దగ్గర నేర్చుకున్నాను. ఒకే కాగితం నుంచి రెండు ముక్కలు, ఒకేలా మడత, పసుపు బొట్టు. భద్రకాళి అమ్మవారి పటం ముందు పళ్లెంలో వేసి, కళ్లు మూసుకుని ఒకటి తీయాలి. ఈ ఇల్లు కొన్నది అలాగే. మా పెద్దమ్మాయికి కేసముద్రం సంబంధం వద్దన్నది అలాగే.

ఆ ఆట పేరు ఎలా రాయాలో తెలియలేదు. సారు ఒకటి చెప్పాడు, పిల్ల ఒకటి చెప్పింది. తప్పు పేరు రాసి అమ్మవారి ముందు పెట్టడం ఎందుకని, అక్షరను కొట్లాటకు పంపు అని ఒక దాని మీద, కొట్లాటకు వద్దు అని ఇంకో దాని మీద రాశాను.

వద్దు వచ్చింది.

జూలై 8

చెప్పాను. అక్షర అన్నం తినలేదు.

జూలై 10, గురువారం

గుడిలో ఈ రోజు శాకంబరి. అమ్మవారు నిండా కూరగాయలతో పచ్చగా ఉంది. లైన్లో రెండు గంటలు నిలబడ్డాం. అక్షర వెంట వచ్చింది కానీ దండం పెట్టిందో లేదో చూడలేదు. చూడాలంటే భయమేసింది.

ఆటోలో మెల్లగా అడిగింది. నువ్వు సంతకం పెట్టకున్నా మంచిదేనమ్మా, ఒక్కపారి వచ్చి చూడు, చూడకుంట వద్దనకు.

అమ్మవారే వద్దంది కదే అన్నాను. అమ్మవారు చూసిందేమో, నువ్వు చూడలేదు కదా అంది.

జూలై 11, శుక్రవారం

వెళ్లాను. హన్మకొండలో ఒక రేకుల షెడ్డు. నేలంతా పరుపులు. గడప దగ్గర చెప్పులు విడిచి, పరుపు ఎక్కేముందు ప్రతి పిల్లా వంగి నమస్కారం చేసింది. ఎదుటి పిల్లకు కూడా. పట్టుకునే ముందు, వదిలిన తర్వాత.

ఒక మూల చిన్నపిల్లలు ఊరికే పడుతున్నారు. లేస్తున్నారు, పడుతున్నారు. ఏం చేస్తున్నారని అడిగితే, మూడు నెల్లు పడుడే నేర్పుతం అమ్మా, పడేసుడు తర్వాత, అంది కోచ్ సుకన్య మేడం. ముప్పై ఏళ్లుంటాయేమో. గొంతు నాకంటే మెత్తన.

పేరు అర్థం ఆమెనే అడిగాను. చెప్పింది. జపాన్‌లో నూరేళ్ల కన్నా ముందు ఒక పంతులు, పాత మల్లయుద్ధం లాంటి దాంట్లో ప్రాణం తీసే పట్లు పక్కకు పెట్టి, మిగిలిన దానికి ఈ పేరు పెట్టాడట. జూ అంటే మెత్తన. డో అంటే దారి. మెత్తని దారి. ఎదుటోళ్లు నూకితే మనం నూకొద్దు, జర పక్కకు జరగాలె, వాళ్ల బలంతోనే వాళ్లు పడుతరు, అంది.

అక్షర నడుముకు బెల్టు బిగించుకుంటూ, గట్లయితే మా అమ్మ ఎప్పుడో బ్లాక్ బెల్టు మేడం, నాయినమ్మ నూకినప్పుడల్లా గింత జరుగుతది, అంది. షెడ్డంతా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకున్నాను.

తర్వాత అక్షర ఒక పిల్లను కింద పట్టి అదిమింది. ఆ పిల్ల చేత్తో పరుపు మీద రెండుసార్లు తట్టింది. అంతే, అక్షర చేతులు విడిచి వెనక్కి జరిగింది. తడితే విడవాల్నంట, లేకపోతే ఆటే కాదంట.

దీన్ని నేను కొట్లాట అని రాశాను.

జూలై 12, శనివారం

పొద్దున్నుంచి ఒకటే ఆలోచన. నేను అమ్మవారిని అడిగింది జూడో గురించి కాదు. కొట్లాట గురించి. కొట్లాటకు ఆమె వద్దంది. ఏ తల్లయినా వద్దనే అంటుంది. అసలు సంగతి ఆమెను ఇంకా అడగనే లేదు.

అత్తమ్మకు చెప్పాను. మళ్లీ వేద్దామా అంటే మండిపడింది. అమ్మవారేమన్న కచేరీల గుమాస్తనా, ఒక్కటే కాయితం రెండుపార్లు పెట్టెటందుకు, వద్దన్నదంటే వద్దు, మాట మార్చినా ఆమెకు నీ కడుపుల ఉన్నది ఎరుకే, అంది.

అదే నా భయం కూడా. ఆమెకు ఎరుకే అయితే, నేను ఏ మాట రాసినా ఆమె జూడో గురించే చెప్పినట్టు. మరి ఎరుకైన ఆమెకు అది మెత్తని దారని తెలియదా?

ఆయన విని, నువ్వు వకీలు చదువాల్సినదానివి అన్నారు. వెక్కిరింతో మెచ్చుకోలో తెలియలేదు.

జూలై 13, ఆదివారం

మళ్లీ రాశాను. ఈసారి జూడో అని, దీర్ఘం పెట్టి. మడిచాను. బొట్టు పెట్టాను. పళ్లెంలో వేశాను.

చేయి చాపలేదు. మళ్లీ వద్దు వస్తే పిల్లకు ఏం చెప్పాలి? పంపు వస్తే, నాకు నచ్చింది వచ్చేదాకా వేశానని కాదా? రెండు చీటీలూ విప్పకుండానే తులసి కుండీలో పాతిపెట్టాను. అది తప్పో కాదో ఎవరినీ అడగలేదు.

జూలై 14, సోమవారం

సంతకం పెట్టాను. చీటీ చెప్పలేదు, ఆయన చెప్పలేదు. నేనే. అక్షర నన్ను పట్టుకుని ఎత్తబోయింది. వద్దు తల్లీ, నేనింకా పడుడు నేర్వలేదు అన్నాను.

సాయంత్రం అత్తమ్మ, ఏమన్నదే అమ్మవారు అని అడిగింది. ఏమనలేదు అత్తమ్మా అన్నాను. నేను చీటీ తీసి ఆమెను అడగనే లేదని మాత్రం చెప్పలేదు.

జూలై 20, ఆదివారం, హైదరాబాద్

నిమిషన్నరలో అయిపోయింది. అక్షర గెలిచింది.

నా పక్క కుర్చీలో పొద్దున్నుంచి ఒకామె. మొగిలమ్మ. నర్సంపేట. ఇద్దరం ఒకే డబ్బాలో పులిహోర తిన్నాం. ఓడిన పిల్ల ఆమె బిడ్డ. మోచేతికి ఐస్ కట్టి, దవాఖానకు తీసుకుపోవడానికి జీపు కోసం చూస్తున్నారు. అక్షర చేయి పట్టి అదమగానే ఆ పిల్ల తట్టింది. అక్షర వెంటనే విడిచింది. నేను చూశాను. అయినా మోచేయి వాచింది.

మొగిలమ్మ ఏడవలేదు. నా చేయి పట్టుకుని అడిగింది. నేను సదువుకోలేదక్కా, గీ జూడో అంటె ఏందక్కా, అర్థం?

ఆ పిల్ల మోచేతి ఐస్ వైపు చూసి, నాకూ తెలియదు అన్నాను.