గేటు లోపలికి

బుజ్జీ,

ఇవాళ నీ పుట్టినరోజు కదా, నీకిష్టమైన పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకుని, మీ నాన్నా నేనూ మనం ఎప్పుడూ వెళ్ళే స్టేట్ పార్కుకే వెళ్ళాం.

ఆర్మీలో పిల్లల్ని పోగొట్టుకున్న కుటుంబాలకి స్టేట్ పార్కుల పాస్ ఉచితంగా ఇస్తున్నారు. మాది మొన్న పోస్టులో వచ్చింది. చూస్తే ఎంత నవ్వేదానివో. కారుతో లోపలికెళ్తేనే టికెట్, నడిచి వెళ్తే అక్కర్లేదని మీ నాన్న కారెప్పుడూ బయట రోడ్డు పక్కనే ఆపేవారు. చాప మోసుకుంటూ ఎండలో నువ్వు, "ఒక్కసారి అందరిలాగా గేట్‌లోంచి వెళ్దాం నాన్నా, ప్లీజ్" అని దారంతా సణిగేదానివి.

ఇవాళ కూడా అలవాటుగా అక్కడే ఆపారు. "పాస్ ఉంది కదండీ" అన్నాను. మళ్ళీ స్టార్ట్ చేశారు. గేటు దగ్గర రేంజరమ్మాయికి నీ ఈడే ఉంటుంది. పాస్ చూసి టోపీ తీసింది. "సారీ ఫర్ యువర్ లాస్, సర్. గో రైట్ ఇన్" అంది.

లేక్ పక్కనే నీడలో చోటు దొరికింది. మీ నాన్న ఇంజన్ ఆపలేదు. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని, "బయటే పెట్టి నడుద్దామా?" అన్నారు.

సరేనన్నాను.

కారు మళ్ళీ ఆ రోడ్డు పక్కనే పెట్టాం. చాప ఆయన తీసుకున్నారు, డబ్బా నేను పట్టుకున్నాను. ఎండ ఎప్పటిలాగే ఉంది. దారి పొడుగునా సణిగేవాళ్ళే లేరు.

అమ్మ