మీ నూరేళ్ల కుర్చీ

బావగారికి నమస్కారం.

పాత సామాన్ల షాపులో నూరేళ్లనాటి కుర్చీ కొన్నానని మీరు ఫొటోతో సహా రాసిన ఉత్తరం అందింది. వడ్రంగిని కదా, చూడగానే గుర్తుపట్టాను. చెయ్యి ఆనించే కుడి పట్టీ కింద వేలుపెట్టి తడమండి, చిన్న గంటు తగులుతుంది. అక్కడ నా ఉలి జారింది.

పోయినేడు మీ కొత్త ఇంటికని నేను చేసి పంపితే, "కొత్త చెక్కకి హుందాతనం ఎక్కడిది బావా" అని తిప్పి పంపారే, ఆ కుర్చీయే ఇది. నాకు ఒళ్లు మండి, దానికి టీ డికాషన్ పట్టించి, పురుగు తొలిచినట్టు సూదితో బెజ్జాలు పెట్టి, ఆ షాపువాడికి ఇచ్చేశాను. తిరిగి తిరిగి మీ హాల్లోకే వస్తుందని మాత్రం అనుకోలేదు.

ఆదివారం మీ ఆఫీసరుగారిని అందులో కూర్చోబెడతానన్నారు. నిశ్చింతగా కూర్చోబెట్టండి, విరగదు. గట్టి కొత్త చెక్క.

ఈ సంగతి మీకు చెప్పొద్దని మీ చెల్లెలు ఒట్టు వేయించుకుంది. అందుకే చెప్పకుండా రాస్తున్నాను.

దాని జత కుర్చీ ఇంకా నా దగ్గరే ఉంది. ఎన్నేళ్లనాటిది కావాలో రాయండి, వారంలో చేసి పంపుతాను.

ఇట్లు,
మీ బావ