మునిరత్నం ఉత్తరాలు

ఆదివారం రాత్రి

ఈ రోజు బడి సభలో హరిత టీచరు మునిరత్నం గురించి తను రాసింది చదివింది. ఆయన ఇంటికి రాసిన ఉత్తరాలు చూసిందట! అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను, లోపల కుతకుత ఉడికిపోతూ. బంగ్లాదేశ్ యుద్ధంలో మిలటరీ లారీ నడిపిన మా ఊరి మనిషి వివరాల కోసం మూడేళ్లుగా ఆఫీసుల చుట్టూ తిరిగింది నేను. నిన్నగాక మొన్న వడమాలపేటకు వచ్చిన పిల్లకు ఉత్తరాలు దొరకడమేమిటి?

ఉండబట్టలేక సాయంత్రం ఆయన భార్య నాగమ్మవ్వ ఇంటికి పోయాను. చింతపండులో గింజలు తీస్తున్నదల్లా లేచి, ఎప్పటిలాగే నాకు కుర్చీ వేసింది.

"నాకు ఉత్తరాలు లేవని చెప్పినావే అవ్వా?"

"నువ్వు మగోడివి అయ్యవారూ. ఆయప్ప నాకు రాసింది నీ చేత ఎట్ట సదివించుకునేది? నాకా సదువు రాదు. అప్పట్లో మా మామ సదివేవోడు, సిగ్గుపడి సగం మింగేసేవోడు. ఈ పాప నా పక్కన కూసోని, గింజలు తీస్తా సదివింది. ఆ సగం ఇప్పుడు ఇన్నాను."

ఇంటికి రాగానే హరితకు ఫోన్ చేశాను. ఉత్తరాల్లో ఉన్నది సభలో ఒక్క ముక్కైనా ఎందుకు చదవలేదని అడిగాను.

"అవి అవ్వకి రాసినవి కదా సార్" అంది.

నేనైతే మొత్తం అచ్చు వేయించేవాణ్ణి. పైన నా పేరు పెట్టుకుని.