మొద్దుబారని కత్తెర

ప్రియమైన నాన్నకు,

సెలవులదాకా ఆగకుండా ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, కాలు అరిగిపోయిందంటూ ఒకటో తారీఖున సాన బండి ఎవరికో ఇచ్చేసి ఇంట్లో కూర్చుంటానన్నావు. ఇవ్వొద్దు! టైలర్ బాబాయ్, ఇది నాన్నకి ఒక్క ముక్క మింగకుండా చదివి వినిపించు.

ఈ రోజు నర్సింగ్ క్లాసులో మేడం ఒక జబ్బు గురించి చెప్పారు. కొంత దూరం నడవగానే పిక్క పట్టేస్తుంది. ఆగితే కాసేపట్లో పోతుంది. మళ్ళీ నడిస్తే మళ్ళీ పట్టేస్తుంది. నిన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెబుతున్నట్టే ఉంది! కాలికి రక్తం తీసుకెళ్ళే నాళాలు లోపల పూడుకుని సన్నబడితే, నడిచేటప్పుడు కండకు చాలినంత రక్తం అందదట.

హాస్టల్‌కి పరుగెత్తుకొచ్చి నీ ఉత్తరాలన్నీ మంచం మీద పరిచాను. మొదట్లో వీధి చివర రొట్టెల కొట్టు దగ్గర ఆగి కబుర్లాడానన్నావు. తర్వాత దానికి ఇవతలున్న మందుల షాపు. మొన్న బాబాయ్ కొట్టు. అది మనింటి నుంచి తొమ్మిదో గుమ్మం! నిజం చెప్పు, కబుర్ల కోసమే ఆగుతున్నావా?

నీ గడుగ్గాయి


గడుగ్గాయికి,

మీ నాన్న చెబుతుంటే రాస్తున్నాను: "సాన పట్టేవాడు ఆగకపోతే పనెలా దొరుకుతుందే? నా కాలికి ఏ రోగమూ లేదు. ముప్పై ఏళ్ళు తిరిగి అరిగిపోయింది, అంతే. డాక్టర్ చెప్పేదీ కూర్చోమనే కదా. దానికి బస్సు దండగ. నువ్వు బాగా చదువుకో. మీ నాన్న."

ఇక నా మాట. "ఇంకా ఏం రాస్తున్నావురా?" అని ఎదురుగా కూర్చుని అడుగుతున్నాడు. "ఆశీస్సులు" అన్నాను. అమ్మాయీ, ఈ నెలలో నా పెద్ద కత్తెరకి ఏడుసార్లు సాన పట్టాడు. అది మొద్దుబారనే లేదు. గోడ పట్టుకుని, పిక్క నొక్కుకుంటూ "కత్తెరుందా?" అంటే లేదనలేకపోయాను. పరువు కాపాడుతున్నాననుకుని, ఎందుకాగుతున్నావని అడగలేదు. తప్పు నాదే. బుధవారం కొత్త కత్తెర కొనాలని చెప్పి, మీ ఆస్పత్రికే బస్సెక్కిస్తాను.

మీ టైలర్ బాబాయ్


ప్రియమైన నాన్నకు,

నిన్న ఆస్పత్రి గేటు దగ్గర దిగి "ఒరేయ్, ఇక్కడమ్మేవి ఏ కత్తెర్లురా?" అన్నావే, తలుచుకుంటే నవ్వాగడం లేదు. డాక్టర్ పక్కనుండగా నీ చేతికీ చీలమండకీ బీపీ పట్టీ చుట్టింది నేనే! కాలి లెక్క చేతి లెక్క కన్నా బాగా తక్కువ. భయపడాలో గంతులెయ్యాలో తెలియలేదు. నొప్పికి పేరు దొరికింది కదా!

"ఇంట్లో కూర్చోమని ఎవరు చెప్పారు? నడవండి" అన్నారాయన. నొప్పి గట్టిగా పట్టేదాకా నడవాలి, ఆగాలి, తగ్గాక మళ్ళీ నడవాలి. నువ్వు దాచిపెట్టి చేస్తున్నదే మందుచీటీ మీద రాశారు! "బండి ఇవ్వనని ఇవాళే నడిచెళ్ళి చెప్పొస్తా" అన్నావు చూడు, ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందో. మాత్రలు మానొద్దు. సిగరెట్ పెట్టె డాక్టర్ బల్ల మీద పెట్టి, గుమ్మందాకా వెళ్ళి వెనక్కి తిరిగి చూశావు. నేను చూడలేదనుకోకు.

బాబాయ్, ఇక కత్తెర ఇవ్వకు. కుర్చీ వెయ్యి.

నాన్నా, నెల రోజులు నడిచాక, మొదటిసారి పిక్క పట్టేలోగా ఎన్ని గుమ్మాలు దాటావో రాయి. అంకెలు నీకొచ్చు కాబట్టి ఈసారి బాబాయ్ చేత్తో కాదు, నీ చేత్తోనే. కార్డు మీద ఒక్క అంకె చాలు. తొమ్మిదే అయితే తొమ్మిదనే రాయి. వచ్చే నెల ముప్పయ్యో తారీఖులోగా నాకు అందాలి.

నీ గడుగ్గాయి