ఎదగని లెన్సు

ప్రియమైన అక్కకి,

ఇక్కడ అందరం బాగున్నాం. లాండ్రీలో ఊపిరాడటం లేదు, హోటళ్ళ దుప్పట్లు ఇస్త్రీ చేసిచేసి భుజాలు పడిపోతున్నాయి.

మన పిట్ట ఎడమ కంటితో సరిగా చూడటం లేదట. ఆ కన్ను మూసుకునే చదువుతోందని రెండో క్లాసు టీచరు కబురు పంపింది. పిల్లలు ఎదిగేకొద్దీ కంట్లో లెన్సు మారుతుందని, కంగారు పడొద్దని కిందటేడు నువ్వే అన్నావు కదా. ఆ మాటే మీ మరిదిగారికి చెప్పాను. "చూశావా, కళ్ళాసుపత్రిలో పనిచేసే మీ అక్కే చెప్పింది. ఇంక డాక్టరెందుకు?" అన్నారు. నువ్వంటే గిట్టని మనిషికి నీ మాట అంత నచ్చడం ఇదే మొదలు. నువ్వు కూడా ఒక ముక్క రాస్తే నా మనసు కుదుటపడుతుంది.

నీ చెల్లి


ప్రియమైన చిట్టీ,

నా మాట నీ మొగుడికి నచ్చిందనగానే నాకు ఒళ్ళు మండింది.

నువ్వు సగమే విన్నావు. పిల్ల ఎదుగుతుంటే కనుగుడ్డు పొడవవుతుంది. దానికి తగ్గట్టు లోపలి లెన్సు పలచబడి బలం తగ్గించుకుంటుంది. అందుకే చూపు చెదరదు. పిల్ల పొడవైతే గౌను అంచు విప్పి కిందికి దించుతావే, అలాగన్నమాట. కానీ అది రెండు కళ్ళలోనూ ఇంచుమించు సమంగా జరుగుతుంది. ఒక్క కన్నే ఇలా మొరాయిస్తే అది ఎదుగుదల కాదు.

దెబ్బ తగిలిన లెన్సు కొన్ని నెలలకి తెల్లబడొచ్చు. టార్చి వేసి చూడు, కంటిపాప మధ్యలో బూడిదరంగు ఉందేమో. ఉంటే ఏం తగిలిందో నిజం రాయి. బంతి అని మాత్రం రాయకు. నీ ఒంటి మీద దెబ్బలకి తలుపులూ బాత్రూం మెట్లూ అని చెప్పావు, విన్నాను. నీ కూతురి విషయంలో వినను. ఆపరేషన్ ఆలస్యమైతే మెదడు ఆ కంటిని వదిలేస్తుంది. తర్వాత ఎంత బాగుచేసినా ఆ కన్ను చూడదు.

కోపంతో, అంతకు మించిన ప్రేమతో,
అక్క


అక్కా,

బూడిదరంగే.

తాళాల గుత్తి. నా మీదికే విసిరారు. నేను తప్పుకున్నాను, వెనక పిట్ట ఉంది. కన్ను వాచి, మెల్లగా తగ్గింది. గండం గడిచిందనుకున్నాను.

ఆసుపత్రికి వెళ్తే దెబ్బ ఎలా తగిలిందని అడుగుతారు, పోలీసులకి చెప్తారు. ఆయన భయం అదే. "పిల్లని తీసుకుని ఆ వైపు వెళ్ళావంటే ఇద్దరి కాళ్ళూ విరగ్గొడతా" అన్నారు. నీ ఉత్తరం నా నోట్లో కుక్కి, మెడ పట్టుకుని, మింగేదాకా వదల్లేదు. ఇకమీదట లాండ్రీకి రాయి. నువ్వు మాత్రం రావద్దు. ఎదురు తిరిగే దమ్ము నాకు లేదని నీకు తెలుసు. ఏం చేయాలో తోచడం లేదు.

చెల్లి


ప్రియమైన చిట్టీ,

కవరు మీద జైలు అడ్రసు రాయడానికి చెయ్యి రాలేదు.

ఆ రోజు మా కళ్ళాసుపత్రి వరండాలో పిట్టని నాకప్పగించి, "ఈ రక్తం నాది కాదక్కా" అన్నావు. ఆపరేషన్ కాయితం మీద సంతకం పెట్టి, పోలీసులు వచ్చేదాకా బెంచీ మీదనుంచి కదల్లేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. పాడైన లెన్సు తీసి కొత్తది పెట్టారు. ఇది ఎదగదు, పలచబడదు. అందుకని డాక్టరమ్మ ఇప్పటి కంటికి కాకుండా, పిట్ట పెద్దయ్యాక ఉండబోయే కంటికి సరిపడేది వేసింది. అప్పటిదాకా ఆ తేడాని కళ్ళజోడు చూసుకుంటుంది. ఏటేటా నంబరు తగ్గించే పని నాది.

మీ ఆయన బతికాడు. దవడ పగిలింది, కుడిచెయ్యి నుజ్జయింది. నాకు జాలి కలగలేదు.

వకీలు ఒక్కటే అడుగుతున్నాడు. మీ ఆయన నిన్ను కొడుతుంటే, ప్రాణం కాపాడుకోడానికి కొట్టానని చెప్తే బయటపడొచ్చట. అలాగే జరిగింది కదా? అవునని రాయి, చాలు.

అక్క


ప్రియమైన అక్కకి,

అలా జరగలేదు.

అప్పుడతను నన్ను కొట్టడం లేదు. భోజనం చేస్తున్నాడు. పిట్ట గ్లాసు అందుకోబోయి పక్కన చెయ్యి పెట్టింది, నీళ్ళు ఒలికాయి. అతను నవ్వాడు. "పోనీలే, ఇంకో కన్నుందిగా" అన్నాడు.

ఇన్నేళ్ళూ అతని కోపానికి భయపడ్డాను. ఆ నవ్వుకి భయం వేయలేదు. పిట్టని గదిలోకి పంపి తలుపు వేశాను. ఇనప ఇస్త్రీపెట్టెతో వెనకనుంచి కొట్టాను. మొదటి దెబ్బకే పడిపోయాడు. అక్కడితో ఆపొచ్చు. కానీ తాళాలు విసిరిన ఆ కుడిచెయ్యి నేలమీద చాచి ఉంది. దాన్ని కాలితో తొక్కిపట్టి, ఎముకలు విరిగే చప్పుడు ఆగిపోయేదాకా కొట్టాను. పశ్చాత్తాపం కోసం రోజూ వెతుక్కుంటున్నాను. దొరకడం లేదు. పిట్టని చూడకుండా ఉండలేక మాత్రం చచ్చిపోతున్నాను.

వకీలుకి ఇది ఉన్నదున్నట్టు చెప్పు. ఆ లెన్సు సరిపోయే వయసుకి పిట్ట నా ఎదుట నిలబడి, ఏం జరిగిందమ్మా అని అడుగుతుంది. దానికి చెప్పబోయే జవాబే కోర్టులోనూ చెప్తాను. ఎంత శిక్ష వేస్తారో వేయనీ.

పిట్ట ఏడిస్తే ఎడమ కన్ను నలుపుకోనీయకు. చేతులు పట్టుకో.

నీ చిట్టి