‘ఊట’ తాళం ముగ్గురికి

చింతామణిలో కాపురముంటున్న నేను, జలజ, కీర్తిశేషులు మురళీధర గారి పెద్ద కూతురిని, వయస్సు యాభై మూడేళ్లు, వచ్చే సోమవారం బెంగళూరులో తల ఆపరేషన్‌కు వెళ్తూ, నా బుద్ధి నా స్వాధీనంలో ఉండగానే, ఎవరి బలవంతమూ ఎవరి మాయమాటా లేకుండా ఈ వీలునామా రాయించి, చదివించుకుని, ఒప్పుకుంటున్నాను. ఇంతకుముందు రాసినవి ఏవైనా ఉంటే అవి ఇక చెల్లవు. నా మనసు నిలకడగా ఉందని నరాల డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్టు దీనికి జతచేశాను. ఎడమ కణత వెనక పెరుగుతున్న గడ్డ, మాటనూ రాతనూ నడిపే చోటును ఆనుకుని ఉందని ఆయనే చెప్పాడు. కాబట్టి నేను తొందరలో ఉన్నాను. తికమకలో లేను.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత వకీలు శ్రీనివాసప్ప గారిది. ఆయనకు కంప్యూటరు భాష తెలియదు. నా తరఫున ఎవరికీ భయపడకపోవడం తెలుసు. నాకు అదే కావాలి.

2. నా స్వార్జితమైన ఇంట్లో తిమ్మక్క బతికున్నంత కాలం ఉండాలి. మా అమ్మ స్నేహితురాలు ఆమె. అమ్మ పోయాక నాకు తోడుగా వచ్చి ఉండిపోయింది. ఆమెను ఖాళీ చేయమనే హక్కు నా రక్తసంబంధీకులకు కూడా లేదు. ఆమె తదనంతరం ఇల్లు, నా పనిలో తోడున్న నాగరాజ్‌కూ భూమికకూ సమానంగా చెందుతుంది.

మిద్దె మీద నా పని కోసం పెట్టిన యాంటెన్నాలను తీసేయాలా వద్దా అన్నది కూడా తిమ్మక్క ఇష్టమే. “వడియాలు ఎండేసుకునే తావు లేకుండా చేస్తివి కదమ్మా” అని ఆమె చాలా ఏళ్లుగా నన్ను అంటూనే ఉంది.

3. ‘ఊట’ గురించి. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. బలహీనమైన ఇంటర్నెట్ లైన్ల మీద పెద్ద ఫైళ్లు తెగిపోకుండా, వేగంగా చేరేట్టు చేసే సాఫ్ట్‌వేర్ అది. కాలేజీలో నాతో చదివిన బట్లహళ్ళి నాగరాజూ నేనూ కలిసి మొదలుపెట్టాం. రెండు సిమ్‌లు, ఒక కేబుల్, ఏది దొరికితే అది, అన్నింటినీ ఒకేసారి వాడుకుంటుంది; దారిలో పోయిన తునకను మాత్రమే మళ్లీ పంపుతుంది. నాగరాజ్ తండ్రి వెంకటేశప్పకు పక్షవాతం వచ్చిన రోజు, ఆయన స్కాన్ బొమ్మలు బెంగళూరు డాక్టరుకు చేరేసరికి పొద్దు వాలింది. ఆయన బతికాడు గానీ కుడిచెయ్యి తిరిగి రాలేదు. ఆ కోపంలోంచి పుట్టిన పని ఇది.

పేరు పెట్టినప్పుడు, కన్నడంలో దాని అర్థం భోజనం అవుతుందని నేను సందేహపడ్డాను. “నీళ్లూ కావల్ల, కూడూ కావల్ల. రెండూ ఉండనీ జలజమ్మా” అన్నాడు నాగరాజ్.

ఊట సోర్స్ కోడ్ అందరిదీ. ఎవరైనా చదవచ్చు, దిద్దవచ్చు, వాడుకోవచ్చు. దాని మీద నా పేరున ఉన్న కాపీరైట్‌ను, వెబ్‌సైటును నాగరాజ్‌కూ భూమికకూ ఇస్తున్నాను. ఈ స్వేచ్ఛను తగ్గించే ఏ కంపెనీకీ వాటిని అమ్మరాదు, అద్దెకివ్వరాదు.

4. ఇక తాళం సంగతి. ఊట కొత్త కూర్పు వెలువడినప్పుడు అది మా దగ్గర్నుంచే వచ్చిందని ముద్ర వేసే రహస్య సంకేతాన్ని మేము తాళం అంటాం. అది చేతిలో ఉన్నవాడు ఏది పంపినా ఊట వాడే ఆస్పత్రుల్లోని యంత్రాలు నమ్మి తీసుకుంటాయి. పోయినేడాది వరకు ఆ తాళం నా దగ్గరా, బెంగళూరులో నెట్‌వర్క్ ఇంజినీరైన నా తమ్ముడు అనిరుద్ధ దగ్గరా ఉండేది. ఇద్దరిలో ఎవరు ముద్ర వేసినా చెల్లేది.

అప్పుడే భాను అనే పేరుతో ఒకరు ఊటలో పని చేయడం మొదలుపెట్టారు. మనిషిని మాలో ఎవరం చూడలేదు. పని శుభ్రంగా ఉండేది. కొన్నాళ్లకు, ముక్కూమొహం తెలియని వేరే పేర్లు నన్ను తప్పుపట్టడం మొదలుపెట్టాయి: ఈవిడ నెమ్మది, ఈవిడకు ఆరోగ్యం లేదు, భానుకు అప్పగించండి అని. ఒక కంపెనీ ఊట చుట్టూ వ్యాపారం కట్టాలని అనిరుద్ధతో మాట్లాడుతున్న కాలం అది. “అక్కా, నువ్వు ఊరికే ఒళ్లు చెడుపుకుంటాండావు. భాను చూసుకుంటాడు, వదిలెయ్” అని ఫోన్లో అన్నాడు. నేను వదల్లేదు. కానీ నేను చిక్కబళ్ళాపురంలో స్కాన్ తీయించుకుంటున్న రోజున, భాను సిద్ధం చేసిన కూర్పును నా తమ్ముడు పూర్తిగా చదవకుండానే ముద్ర వేసి విడుదల చేశాడు.

బస్సు దిగి ఇంటికి రాగానే, ఎప్పటిలాగే మా మిద్దె నుంచి బట్లహళ్ళిలోని నాగరాజ్ షెడ్డుకు ఒక ఫైలు పంపి చూశాను. లైను కలిసేటప్పుడు కంటిరెప్ప పాటు ఆలస్యం. “గాలికి యాంటెన్నా కదిలిండాదేమో” అన్నాడు నాగరాజ్. నాకు మనసొప్పలేదు. పాత కూర్పు పెట్టి చూస్తే ఆలస్యం లేదు. కొత్తది పెడితే ఉంది. ఆ రెప్పపాటు ఎక్కడ పోతోందో వెతుక్కుంటూ పోతే, మాతో ఊట రాసే భూమిక కూడా జంగమకోటెలోని తన ఇంటి నుంచి ఫోన్లో కలిసి వెతికింది. ఆ పిల్లే పట్టుకుంది. “మేడం, ఈడ దొడ్డిదోవ ఉండాది” అంది. ఊట ఉన్న ఏ యంత్రంలోకైనా బయటివాడు ఎవరికీ తెలియకుండా జొరబడే తలుపు అది. మర్నాడు ఉదయం ఆస్పత్రుల యంత్రాలన్నీ ఆ కూర్పును వాటంతటవే తీసుకోబోతున్నాయి.

అనిరుద్ధకు ఫోన్ చేశాను. “కంపెనీవాళ్లు చూస్తాండారక్కా. ఇప్పుడు బయటపెడితే అంతా పోతాది. రెండు దినాలు ఆగు, సద్దు లేకుండా సరిచేస్తాం” అన్నాడు. ఫోన్ పెట్టేశాను. అతని తాళం చెల్లకుండా చేసి, జరిగింది జరిగినట్టు లోకానికంతా రాసి పెట్టాను. ఆ తర్వాత, ఆ కూర్పును తీసుకోవద్దని ఒక్కో ఊరికీ ఫోన్లు. అందరూ ఎత్తారు, బాగేపల్లిలోని ఒక చిన్న ఆస్పత్రి తప్ప; ఆ సంగతీ ప్రకటన కిందే రాశాను. తెల్లవారగానే నాగరాజ్ బండి మీద బయల్దేరాడు. అతను చేరేదాకా నేను కూర్చోలేదు, నిలబడలేదు.

నాగరాజ్ చేరేసరికి అక్కడి ఇంటర్నెట్ పెట్టె వైరు పీకేసి ఉంది. యంత్రం కొత్త కూర్పు తీసుకోలేదు. ఎవరో ముందే చూసి ఆపారని అనుకున్నాం. మా ప్రకటన వల్ల కంపెనీ వెనక్కి పోయింది. కొందరు ఊటను వదిలేశారు. తమ్ముడికీ నాకూ మాటలు ఆగిపోయాయి.

5. నా తమ్ముడు అనిరుద్ధ మీద నా కోపం ఇంకా చల్లారలేదు. దాన్ని ఈ వీలునామాలో దాచిపెట్టను. కానీ గడిచిన ఉగాది తర్వాత ఆ బాగేపల్లి ఆస్పత్రి నర్సు ప్రేమ మా ఇంటికి వచ్చినప్పుడు ఒక మాట చెప్పింది. ఆ ఉదయం నాగరాజ్ కంటే ముందే బెంగళూరు నుంచి ఒక మనిషి కారులో వచ్చాడట. “నేను జలజక్క తమ్ముణ్ణి. ఈ డబ్బీ వైరు పీకేయండమ్మా, మళ్లా నన్ను ఎంతైనా తిట్టుకోండి” అన్నాడట. వాళ్లు సందేహిస్తుంటే తానే లోపలికి పోయి పీకేశాడట. ఈ సంగతి అతను నాకు చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు.

6. కాబట్టి నా తదనంతరం తాళాన్ని మూడు భాగాలు చేయాలి. ఏ ఇద్దరైనా కలిస్తేనే ముద్ర పడాలి. ఒంటరిగా ఎవరికీ సాధ్యం కాకూడదు. ఒక భాగం నాగరాజ్‌కు. ఒకటి చిక్కబళ్ళాపురం కాలేజీలో పాఠాలు చెప్పే భూమికకు. నా కోడ్‌ను నిర్మొహమాటంగా తిప్పి పంపే మనిషి ఆమె ఒక్కతే. మూడోది అనిరుద్ధకు.

ఇది విని నాగరాజ్ కుర్చీలోంచి లేచాడు. “వానికా? మళ్లా వానికేనా తాళం?” అన్నాడు. అవును. చదవకుండా ముద్ర వేస్తే ఏమవుతుందో మా ముగ్గురికంటే అతనికే ఎక్కువ తెలుసు. ఇది క్షమాపణ కాదు, పని అప్పగింత. నాగరాజ్ అతనితో కలిసి కూర్చోవాలి. కాఫీ తాగకపోయినా సరే.

7. భాను ఎవరో నేటికీ తెలియదు. ఆ పేరుతోగానీ, అంత తీయగాగానీ ఎవరు వచ్చినా ముఖం చూడకుండా తాళం దగ్గరికి రానివ్వద్దు. అయితే దొడ్డిదోవకు ముందు భాను రాసిన భాగాలను పంతానికి తీసేయవద్దు. భూమిక ప్రతి వరుసా చదివి, మంచిదని ఉంచింది. వాటిలో కొన్ని నేను రాయగలిగినదానికంటే బాగున్నాయి. ఆ సంగతి నన్ను ఇప్పటికీ పొడుస్తుంది.

8. ఊటను ఇకముందు మెరుగుపరిచేవాళ్లు బెంగళూరు ఆఫీసు లైను మీద పరీక్షించి వేగం పెరిగిందని సంబరపడవద్దు. వాన పడుతున్నప్పుడు, కరెంటు పోయి వచ్చినప్పుడు, బట్లహళ్ళి షెడ్డు నుంచి పంపి చూడండి. అందుకోసమే మా నాన్న నల్లగొడుగును నాగరాజ్‌కు ఇస్తున్నాను. ఒక కమ్మి విరిగింది, బాగు చేయించుకోవాలి. నా కీబోర్డు భూమికకు. ప్రేమకు నా పట్టుచీరల్లో తనకు నచ్చినది, మొదట తనే ఏరుకోవాలి.

9. ఈ చివరి షరతు వీలునామాలో చెల్లదని, మనిషి చనిపోయాకే వీలునామా పని చేస్తుందని శ్రీనివాసప్ప గారు అన్నారు. అయినా రాయమన్నాను. ఆయన రాశారు.

ఆపరేషన్ తర్వాత నేను బతికి ఉండి, నా కోడ్‌ను నేనే చదవలేని స్థితిలో ఉంటే, ఆ రోజు నుంచే తాళం ఆ ముగ్గురిదీ. నాకు ఇవ్వవద్దు. నేను బాగున్నానని చెప్పినా, అరిచినా, ఏడ్చినా ఇవ్వవద్దు. భూమిక తప్పున్న కోడ్ పేజీ ఒకటి నా ముందు పెట్టాలి. అందులో తప్పు నేను చూపించగలిగితేనే మాట్లాడండి. లేకపోతే తాళం సంగతి ఎత్తకుండా నా పక్కన కాసేపు కూర్చోండి. అనిరుద్ధను కూడా రమ్మనండి.

పై సంగతులన్నీ నాకు చదివి వినిపించగా విని, సరేనని ఈ కింద చేవ్రాలు చేశాను.

చింతామణి,
2025 ఆగస్టు 20, బుధవారం.

(సంతకం) జలజ

సాక్షులు:
1. ఆంజనేయప్ప, పక్కింటివారు, చింతామణి
2. యశోదమ్మ, ఎదురింటివారు, చింతామణి

రాసినవారు: శ్రీనివాసప్ప, వకీలు